పాంటో అంటే ఏమిటి? ఇంగ్లండ్ ఊళ్లలో చలికాలపు కుటుంబ నాటకం, దాని వెనక లెక్కలు

నవంబరు వచ్చిందంటే ఇంగ్లండ్‌లో ఉండే తెలుగు ఇళ్లకు పిల్లల బడి నుంచి ఒక కబురు వస్తుంది. పిల్లల్ని పాంటోమైమ్‌కి తీసుకెళ్తున్నాం, టికెట్ డబ్బులు కట్టండి అని. పాంటో అనేది దాని పొట్టి పేరు. కొత్తగా వచ్చినవాళ్లు నిఘంటువు తీస్తే పాంటోమైమ్ అన్న మాటకు 'మూకాభినయం' అని అర్థం కనిపిస్తుంది. సరే, ముఖానికి తెల్లరంగు పూసుకుని సైగలు చేసే ఆట కాబోలు అనుకుంటారు. తీరా వెళ్లాక హాలంతా గోల. ఒక మగాయన రంగురంగుల గౌను వేసుకుని అమ్మ వేషం కడతాడు. ఒక అమ్మాయి వీరుడి వేషంలో వచ్చి తొడ చరుస్తుంది. ఐదేళ్ల పిల్లలు లేచి నిలబడి అరుస్తుంటే ఎవరూ కూర్చోమనరు, పైగా ఇంకా గట్టిగా అరవమంటారు.

కొందరి ఇళ్లలో ఈ అయోమయం ఇంకో మెట్టు ఎక్కుతుంది. ఊళ్లోని ఔత్సాహిక నాటక సమాజం వాళ్లు "మీ పాపని కోరస్‌లో వేసుకుంటాం" అంటారు. అక్కణ్నుంచి లైసెన్సు, చాపరోన్ (పిల్లల సంరక్షకులు), అనుమతి పత్రాలు అంటూ కాగితాలు మొదలవుతాయి. సరదాగా వేసే నాటకానికి ఇంత తతంగం ఎందుకని అడిగిన తల్లిదండ్రులు నాకు చాలామంది తెలుసు. కొన్ని చలికాలాలుగా మా ఊరి సమాజంలో ప్రాంప్టింగ్ చెబుతున్నాను, అంటే నటులు మరిచిన మాట అందిస్తుంటాను. తెర పక్కన కూర్చుని చూస్తే ఈ గోలంతా ఒక పద్ధతి ప్రకారమే నడుస్తుందని తెలుస్తుంది.

మాటల్లేని ఆట మాటల పుట్టగా ఎలా మారింది

గ్రీకులో పాంటోమైమ్ అంటే 'అన్నిటినీ అనుకరించేవాడు' అని అర్థం. పాత రోములో ఒక్క నర్తకుడే వేషాలు మార్చుకుంటూ కథంతా ఆడి చూపేవాడు. ఆ మాట 18వ శతాబ్దం మొదట్లో లండన్ నాటకశాలలకు వచ్చింది. 1717 ప్రాంతంలో జాన్ వీవర్, ఆయన వెంటనే జాన్ రిచ్, నాట్యంతో, సైగలతో కథ చెప్పే ప్రదర్శనలు మొదలుపెట్టారు. ఇటలీ వీధి నాటకాల నుంచి వచ్చిన హార్లెక్విన్ పాత్రను జాన్ రిచ్ స్వయంగా ఆడాడు. ఆ హార్లెక్విన్ చేతిలో రెండు చెక్క పలకలు కలిపిన బద్ద ఒకటి ఉండేది. దాంతో కొడితే దెబ్బ తక్కువ, చప్పుడు ఎక్కువ. స్లాప్‌స్టిక్ కామెడీ అని ఇవాళ మనం అంటున్న మాట ఆ బద్ద పేరే.

అంటే నిఘంటువు తప్పు చెప్పలేదు, మూడు వందల ఏళ్ల కిందటి అర్థం చెప్పింది. పాంటోకు అప్పట్లో మాటలు తక్కువగా ఉండటానికి చట్టం కూడా ఒక కారణం. లండన్‌లో సంభాషణలున్న నాటకం ఆడే హక్కు డ్రూరీ లేన్, కోవెంట్ గార్డెన్ లాంటి, రాజు ఇచ్చిన అనుమతి పత్రం ఉన్న శాలలకే ఉండేది. మిగిలినవాళ్లు పాటతో, ఆటతో, మూకాభినయంతో నెట్టుకొచ్చేవాళ్లు. 1843లో వచ్చిన నాటకశాలల చట్టం ఆ గుత్తాధిపత్యాన్ని తీసేసింది. దాంతో ఎవరైనా వేదిక మీద మాట్లాడవచ్చు. మాటకు దారి దొరకగానే పాంటో శ్లేషలతో, ప్రాసలతో, ఊరి కబుర్లతో నిండిపోయింది. ఇప్పుడు మనం చూసేది ఈ రూపాన్నే.

ఈ మధ్యలో ఇద్దరు నటుల పేర్లు తెలిస్తే చాలు. జోసెఫ్ గ్రిమాల్డీ 1806లో కోవెంట్ గార్డెన్‌లో 'మదర్ గూస్' పాంటోతో విదూషకుడి పాత్రను అందరికంటే ముందుకు తెచ్చాడు. ఇంగ్లండ్‌లో క్లౌన్లను ఇప్పటికీ 'జోయీ' అనేది ఆయన పేరు మీదే. శతాబ్దం చివర్లో డాన్ లీనో డ్రూరీ లేన్‌లో ఏటేటా ఆడవేషం కట్టి, ఆ వేషానికి ఇప్పటి రూపం తెచ్చాడు.

డేమ్, ప్రిన్సిపల్ బాయ్, దుష్టుడు: ఎవరు ఏ పక్క నుంచి వస్తారు

కథలు అందరికీ తెలిసినవే. సిండ్రెల్లా, అల్లాదీన్, జాక్ చిక్కుడు తీగ, స్నో వైట్. కొత్త కథ కోసం ఎవరూ రారు. మాయాబజార్ కథ తెలియదని సురభి నాటకానికి వెళ్లేవాళ్లు మనలో ఎవరున్నారు? కథ తెలిసినందువల్లే ప్రేక్షకుడి దృష్టి ఆట మీద ఉంటుంది.

డేమ్ అంటే మగవాడు వేసే నడివయసు ఆడమనిషి వేషం. ఇక్కడ తెలుగువాళ్లు ఒక తేడా గమనించాలి. స్థానం నరసింహారావు గారు సత్యభామగా వచ్చినా, కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారు జడ ముందుకు వేసుకుని నిలబడినా, చూసేవాళ్లు ఆయన మగవాడన్న సంగతి మర్చిపోవాలి. ఆ కళ అంతా ఆ మరుపులో ఉంది. డేమ్ పద్ధతి దీనికి పూర్తిగా తిరగబడింది. గొంతు మగగొంతే, నడక మగనడకే, గౌను మాత్రం సీను సీనుకూ మారుతుంది. ఆయన మగవాడని ప్రేక్షకులు ఒక్క క్షణం కూడా మర్చిపోకూడదు. మనలో దీనికి దగ్గరి చుట్టాన్ని వెతకాలంటే తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్కల దగ్గరికి వెళ్లాలి. రామాయణం ఆపి, ఆ ఊరి సంగతులు ఎత్తి నవ్వించే హక్కు వాళ్లకుంది. డేమ్‌కూ అదే హక్కు. పక్క ఊరి పేరు, రోడ్డు మీద గుంతలు, కౌన్సిల్ వాళ్ల పార్కింగ్ రుసుము, అన్నీ ఆమె నోట్లో పడాల్సిందే.

ప్రిన్సిపల్ బాయ్ అంటే యువ కథానాయకుడు. పాత సంప్రదాయంలో ఆ వేషం అమ్మాయి కడుతుంది. ఇప్పుడు చాలా చోట్ల అబ్బాయే వేస్తున్నాడు. ఔత్సాహిక సమాజాల్లో మాత్రం అమ్మాయిలు వేయడం ఇంకా బాగా కనిపిస్తుంది. పాత పద్ధతి మీద ప్రేమ ఒక కారణమైతే, రిహార్సల్స్‌కు కుర్రాళ్లు దొరకకపోవడం ఇంకో కారణం.

దుష్టుడు వేదికకు ఎడమ పక్క నుంచి, మంచి దేవత కుడి పక్క నుంచి వస్తారు. ఎడమ, కుడి అనేవి నటుడు ప్రేక్షకుల వైపు తిరిగి నిలబడినప్పటి లెక్క. మధ్యయుగపు మత నాటకాల్లో స్వర్గం కుడివైపు, నరకం ఎడమవైపు ఉండేవని దీనికి మూలం చెబుతారు. ఎడమ అశుభమన్న భావన మనకూ కొత్త కాదు కదా. దుష్టుడు కనిపించగానే జనం "బూ" అనాలి. అనకపోతే వాడే ఆగి, అడిగి మరీ అనిపించుకుంటాడు.

దెయ్యం సీను: అరుపు కూడా స్క్రిప్టులో భాగమే

పాంటో ఎలా పనిచేస్తుందో ఒక్క సీనుతో చెప్పాలంటే దెయ్యం సీను చాలు. డేమ్, ఇంకో ఇద్దరు ముగ్గురు చీకటి అడవిలో బెంచీ మీద కూర్చుంటారు. భయం పోవడానికి ఒక పాట అందుకుంటారు. పాడేముందు పిల్లలతో ఒప్పందం చేసుకుంటారు: "ఏదైనా కనిపిస్తే మాకు చెప్పాలి, సరేనా?" పాట మొదలవుతుంది. వెనక దెయ్యం వస్తుంది. పిల్లలు "హీ ఈజ్ బిహైండ్ యూ!" అని అరుస్తారు. వీళ్లు కుడివైపు చూస్తే అది ఎడమవైపు దాక్కుంటుంది. ఎవరూ లేరే అంటారు. "ఓ యెస్ దేర్ ఈజ్!" అని హాలు. "ఓ నో దేర్ ఈజంట్!" అని వేదిక. దెయ్యం ఒక్కొక్కరినీ తీసుకుపోతుంది. చివరికి డేమ్ ఒక్కతే మిగులుతుంది. ఆమె, దెయ్యం ముఖాముఖీ చూసుకుంటారు. ఆమె ముఖం చూసి దెయ్యమే హడలి పారిపోతుంది.

కాగితం మీద ఇది ఒక పేజీ. ఆడితే ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే సగం డైలాగులు ప్రేక్షకులవి. ఖాళీ హాల్లో రిహార్సల్ చేసేటప్పుడు ఈ సీను చచ్చినట్టు పడి ఉంటుంది. జవాబిచ్చే పాత్రధారి ఇంకా రాలేదు మరి. మొదటి ప్రదర్శన రోజు ఔత్సాహిక నటుల టెన్షన్ అంతా ఇక్కడే. పిల్లల్ని అరిపించడం తేలిక. అరుపు ఎప్పుడు ఆపాలో తెలియడం, ఆగేదాకా తర్వాతి మాట అనకుండా పట్టుకోవడం కష్టం. గోలలో చెప్పిన మాట ఎవరికీ వినపడదు, కథ తెగిపోతుంది. నేను ప్రాంప్టింగ్‌లో ఎక్కువసార్లు మాట అందించేది ఇలాంటి గోల సద్దుమణిగిన క్షణంలోనే.

కథ అందరిదీ, స్క్రిప్టు ఒకరిది

సిండ్రెల్లా కథను ఫ్రెంచిలో షార్ల్ పెరో 1697లో అచ్చు వేశాడు. స్నో వైట్ కథ గ్రిమ్ సోదరుల సంకలనంలోది. ఈ కథల మీద ఇప్పుడు ఎవరికీ కాపీరైట్ లేదు. అయితే నాటక సమాజం రుసుము ఎందుకు కడుతుంది?

కట్టేది కథకు కాదు, ఆ కథను నాటకంగా రాసిన స్క్రిప్టుకు. బ్రిటన్‌లో రచయిత చనిపోయిన తర్వాత 70 ఏళ్ల వరకు ఆ హక్కు ఉంటుంది. ఎవరి స్క్రిప్టూ వద్దనుకుంటే సమాజమే రాసుకోవచ్చు, చాలామంది రాసుకుంటారు. కానీ అందులోనూ ఒక చిక్కు ఉంది. స్నో వైట్‌నే తీసుకుందాం. ఏడుగురు మరుగుజ్జులు గ్రిమ్ కథలో ఉన్నారు, కాబట్టి వాడుకోవచ్చు. వాళ్ల పేర్లు మాత్రం గ్రిమ్ కథలో లేవు. డోపీ, గ్రంపీ లాంటి పేర్లు 1937లో వచ్చిన డిస్నీ సినిమావి. అందుకే ఊరి పాంటోల్లో మరుగుజ్జులకు ఎప్పుడూ వినని పేర్లుంటాయి. సినిమా పాటలకు, పాప్ పాటలకు కూడా ఇదే వర్తిస్తుంది. వరస అదే ఉంచి మాటలు మార్చాలంటే హక్కుదారు అనుమతి ఉండాలి.

ఈ విషయంలో మన చట్టంతో పోల్చి చూస్తే ఆసక్తిగా ఉంటుంది. భారత కాపీరైట్ చట్టంలో హక్కు రచయిత తర్వాత 60 ఏళ్లు. దానికి తోడు, ఔత్సాహిక సంఘం టికెట్ లేకుండా ఆడినా, మత సంస్థ సహాయార్థం ఆడినా హక్కుల ఉల్లంఘన కాదని సెక్షన్ 52 చెబుతుంది. పరిషత్తు నాటకాల వాతావరణంలో పెరిగినవాళ్లకు "మేం లాభం కోసం ఆడటం లేదు కదా" అన్న మాట సహజంగా వచ్చేది ఇందుకే కావచ్చు. బ్రిటన్‌లో ఔత్సాహిక సమాజాలకు అలాంటి సాధారణ మినహాయింపు లేదు. లాభం లేకపోయినా అనుమతి తీసుకోవాల్సిందే.

పిల్లలు వేదికెక్కితే: నాలుగు రోజుల లెక్క

తల్లిదండ్రులను ఎక్కువగా తికమక పెట్టేది ఇదే. టికెట్ పెట్టి ఆడే ప్రదర్శనలో బడి వయసు దాటని పిల్లలు పాల్గొనాలంటే, వాళ్లకు డబ్బు ఇచ్చినా ఇవ్వకపోయినా, స్థానిక కౌన్సిల్ లైసెన్సు ఉండాలన్నది ఇంగ్లండ్‌లో మూల నియమం. 1963 నాటి పిల్లల చట్టం దీనికి ఆధారం, 2014లో నిబంధనలను కొత్తగా రాశారు. బడే పెట్టే నాటకానికి ఇది వర్తించదు.

మినహాయింపుల్లో ముఖ్యమైనది నాలుగు రోజుల నియమం. డబ్బు తీసుకోకుండా, బడి మానకుండా, ఆరు నెలల్లో నాలుగు రోజుల వరకు ఆడితే లైసెన్సు అక్కర్లేదు. లెక్కపెట్టేది రోజుల్ని, ఆటల్ని కాదు.

ఒక ఉదాహరణ. జనవరిలో పాంటో. మొదటి వారం శుక్రవారం రాత్రి ఒక ఆట, శనివారం రెండు ఆటలు. రెండో వారం శుక్రవారం ఒకటి, శనివారం ఒకటి. మొత్తం ఐదు ఆటలు, నాలుగు రోజులు. సరిపోయింది. కానీ మన పాప అక్టోబరులో టికెట్ పెట్టి చేసిన దీపావళి కార్యక్రమంలో డాన్సు చేసింది. అదీ లెక్కలోకి వస్తుంది. ఒకటీ నాలుగూ ఐదు. రెండో శనివారానికి ఆమెకు లైసెన్సు కావాలి. "దీపావళికీ పాంటోకీ ఏం సంబంధం?" అని తల్లి అడగడం న్యాయమే. చట్టం చూసేది ఏ సమాజం ఆడింది అని కాదు, ఆ బిడ్డ ఎన్ని రోజులు వేదిక మీద ఉంది అని.

దీన్ని తేలిక చేయడానికి సమాజం మొత్తానికీ కలిపి ఒకే అనుమతి తీసుకునే వీలు కూడా ఉంది. పిల్లలకు డబ్బు ఇవ్వకపోతేనే అది దొరుకుతుంది. చాలా సమాజాలు పిల్లల్ని ఎర్ర జట్టు, నీలం జట్టు అని రెండుగా విడదీసి ఆట మార్చి ఆట వేయిస్తాయి. ఇక చాపరోన్ అంటే కౌన్సిల్ ఆమోదించిన సంరక్షకులు. ఒకరు పన్నెండు మందికి మించి చూడకూడదు. పదహారు మంది పిల్లలుంటే ఇద్దరు కావాలి. తల్లి తన బిడ్డను తాను చూసుకోవచ్చు. పక్కింటి బిడ్డను చూడాలంటే ఆమెకూ ఆమోదం ఉండాలి. మొదటిసారి విన్నప్పుడు నాకిది అతిగా అనిపించింది. ఒక శనివారం సైడ్ కర్టెన్ వెనక చీకట్లో, కేబుళ్ల మధ్య పదహారు మంది పిల్లలు వరుసలో నిలబడి ఉండటం చూశాక అభిప్రాయం మార్చుకున్నాను.

ఒక హాలు, ఐదు ఆటలు: డబ్బు ఎటు వస్తుంది, ఎటు పోతుంది

పెద్ద నాటకశాలల పాంటోలు నవంబరు చివర మొదలై కొత్త సంవత్సరం దాకా నడుస్తాయి. ఊరి సమాజాలు చాలావరకు జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఆడతాయి. పెద్ద శాలలతో పోటీ ఉండదు, క్రిస్మస్ హడావుడీ ఉండదు.

లెక్క అర్థం కావడానికి ఒక ఊహా సమాజాన్ని తీసుకుందాం. హాలులో 120 కుర్చీలు, ఐదు ఆటలు, మొత్తం 600 సీట్లు. టికెట్ సగటున 8 పౌండ్లు. ఖర్చులు: రిహార్సల్స్‌తో కలిపి హాలు అద్దె 900, స్క్రిప్టు రుసుము 400, పాటలకూ వాద్యాలకూ 350, దుస్తులూ మేకప్ 500, సెట్టూ లైట్లూ 700, బీమా, అచ్చు ఖర్చు 250. మొత్తం 3,100 పౌండ్లు. 388 టికెట్లు అమ్ముడైతే ఖర్చు వస్తుంది. 450 అమ్ముడైతే 500 మిగులుతుంది. 330 దగ్గర ఆగితే 460 నష్టం.

ఇప్పుడు అదే సమాజం వసంతంలో ఒక గంభీరమైన నాటకం వేసిందనుకోండి. మూడు ఆటలకు కలిపి 120 టికెట్లు, 960 పౌండ్లు. ఖర్చు 1,250. నష్టం 290. పాంటోలో మిగిలిన 500 లేకపోతే ఆ నాటకం వేయలేరు. "ఏటేటా ఈ అల్లరి ఆటేనా, మంచి నాటకం వేయరా?" అని అడిగేవాళ్లకు ఈ లెక్కే జవాబు.

పాంటోకే జనం ఎందుకు వస్తారంటే, తాత నుంచి మనవడి దాకా కలిసి చూడగల నాటకం ఇంకొకటి దొరకడం కష్టం. పైగా వేదిక మీద పదహారు మంది పిల్లలుంటే, ఒక్కొక్కరికీ ఐదుగురు బంధువులు వచ్చినా 80 టికెట్లు. రెండు జట్లయితే 160. కానీ రెండు జట్లంటే ఇంకో పదహారు జతల దుస్తులు, ఇంకొందరు చాపరోన్లు. కమిటీ సమావేశాల్లో ఎక్కువసేపు నడిచే చర్చ ఇదేనంటే నమ్మండి.

ఏది ఉంచాలి, ఏది తీసేయాలి: ఇప్పుడు నడుస్తున్న వాదనలు

అల్లాదీన్ మీద వాదన పాతదే కానీ ఇప్పుడు గట్టిపడింది. ఈ కథ 'వెయ్యిన్నొక్క రాత్రులు' అరబ్బీ మూల ప్రతుల్లో లేదు. అలెప్పో నుంచి వచ్చిన హన్నా దియాబ్ చెప్పగా విని ఫ్రెంచి అనువాదకుడు ఆంత్వాన్ గలాన్ 18వ శతాబ్దం మొదట్లో చేర్చాడు. కథ చైనాలో జరుగుతుందంటారు, ఉండేది మాత్రం సుల్తాను. 1861లో హెచ్. జె. బైరన్ రాసిన హాస్య నాటకంలో అల్లాదీన్ తల్లికి ట్వాంకీ అని పేరు పెట్టారు. ట్వాంకే అనేది చైనా నుంచి వచ్చే ఒక రకం టీ. ఇది ఏ దేశానికీ చెందని మాయాలోకం, దీన్ని నిజం చైనాతో ముడిపెట్టవద్దు అని ఒక వర్గం అంటుంది. కళ్లకు గీతలు గీసుకుని, యాస పెట్టి నవ్వించేటప్పుడు హాల్లో కూర్చున్న చైనా మూలాల పిల్లకు అది మాయాలోకంలా ఉండదు అని ఇంకో వర్గం అంటుంది. ఇప్పుడు చాలా సమాజాలు కథను ఒక ఊహానగరానికి మార్చి, పేరు, దీపం, డేమ్ మాత్రం ఉంచుకుంటున్నాయి. నాకు ఇది సరైన దారిగానే కనిపిస్తుంది. యాస తీసేస్తే నవ్వు తగ్గలేదని తెర పక్కనుంచి విన్నాను.

మరుగుజ్జుల విషయం ఇంత తేలిక కాదు. పొట్టితనాన్ని చూపి నవ్వించడం అవమానమని, ఆ పాత్రలను 'మాయా మిత్రులు' లాంటి పేర్లతో మార్చాలని కొందరి వాదన. పెద్ద శాలల్లో కొన్ని అలా మార్చాయి. ఆ శరీర స్థితి ఉన్న నటుల్లో కొందరు మాత్రం మాకు ఏటా నమ్మకంగా దొరికే పని ఇదే, మమ్మల్ని అడగకుండా తీసేశారు అంటున్నారు. రెండు మాటల్లోనూ బరువుంది. ఊరి సమాజాల్లో ఆ వేషాలు చాలాసార్లు పిల్లలే వేస్తారు కాబట్టి, ఇక్కడ చర్చ ఎక్కువగా పేరు గురించీ, నవ్వు దేనిమీద పుడుతుందన్న దాని గురించీ సాగుతుంది.

మూడోది ద్వంద్వార్థాల సంగతి. డేమ్ మాటల్లో పిల్లలకు ఒక అర్థం, పెద్దలకు ఒక అర్థం ఉండటం సంప్రదాయం. పిల్లలకు అందనంత వరకు ఫర్వాలేదని కొందరు, పిల్లలు మనం అనుకున్నదానికంటే ఎక్కువ అందుకుంటారని కొందరు. దీనికి రాసిపెట్టిన గీత ఏదీ లేదు. ప్రతి సమాజమూ తన ఊరి జనాన్ని బట్టి గీసుకుంటుంది, కొన్నిసార్లు శనివారం మధ్యాహ్నం ఆటలో ఒక గీత, రాత్రి ఆటలో ఇంకో గీత.

ఆఖరి రెండు చరణాలు

పాంటో ప్రాసలున్న చరణాలతో ముగుస్తుంది. ఆ ఆఖరి రెండు చరణాలను రిహార్సల్స్‌లో ఎవరూ పలకకూడదని ఒక నమ్మకం ఉంది. పలికితే ఆట చెడుతుందంటారు. ఔత్సాహికులు దీన్ని చాలా పట్టుగా పాటిస్తారు. సెప్టెంబరులో రిహార్సల్స్ మొదలైనప్పటి నుంచి మా నటులు ప్రతిసారీ ఆ రెండు చరణాల దగ్గర ఆగి, చేతులు చాచి, మౌనంగా నమస్కారం పెట్టి దిగిపోతారు. స్క్రిప్టు నా ఒళ్లోనే ఉంటుంది, కానీ ఆ మాటలు నేనూ అందించను. జనవరిలో మొదటి శుక్రవారం రాత్రి, అరిచి అరిచి గొంతు బొంగురుపోయిన పిల్లలు ముందు వరుసలో కూర్చుని ఉండగా, వాటిని మేమందరం మొదటిసారి వింటాం.